ఆసుపత్రి గొంతు

గొంతు పరీక్షల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని మా పాత ఆసుపత్రివాళ్ళు అడిగారు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ఏ కుర్చీ ఎక్కాను అని రాయడం మొదలుపెడితే రెండో పేరాకి నాకే ఆవలింతలు వస్తాయి. అవన్నీ వదిలేస్తున్నాను. విజయనగరంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను, అంతవరకు తెలిస్తే చాలు. రాష్ట్రం రెండయిన ఆ కాలంలో, నా సర్వీసు చివరి ఏళ్ళలో, మా గదికి ఒక వేగం కెమెరా వచ్చింది. ఆ కెమెరా గురించి, దాన్ని మా గదికి తెప్పించిన డాక్టరు గారి గురించి, దాన్ని ఎలా వాడాలో తనకు తెలియకుండానే మాకు నేర్పిన ఎర్రమ్మ గురించి రాస్తాను.

కెమెరా చేసే పని

మనం మాట్లాడేటప్పుడు గొంతులోని రెండు స్వరతంత్రులు కలుసుకుంటూ విడిపోతూ ఉంటాయి. తంత్రులంటే తీగలనుకునేరు. అవి రెండు మెత్తటి మడతలు. ఆడగొంతులో సెకనుకి రెండు వందల సార్లు, అరిస్తే ఇంకా ఎక్కువ సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. కంటికి అది వట్టి మసక. వేగం కెమెరా సెకనుకి కొన్ని వేల ఫొటోలు తీసి, వాటిని నిదానంగా తిప్పి చూపిస్తుంది. మొదటిసారి చూసిన రోజు నేను మధ్యాహ్నం క్యారేజీ తెరవడం మరిచిపోయాను.

మా పని ఆ మడతలు ఎంత బలంగా ఢీకొంటున్నాయో తేల్చడం. ఒక ఫొటోకీ తర్వాతి ఫొటోకీ మధ్య మడత అంచు ఎంత జరిగిందో చూస్తాం. తాకబోయే ముందు ఎంత వేగంగా వచ్చింది, తాకాక ఎంత ఠక్కున ఆగింది లెక్కగడతాం. మడత బరువు ఇంత ఉండొచ్చని ఒక ఊహ దానికి కలిపితే ఢీకొన్న బలం వస్తుంది. మీటింగుల్లో 'కొలిచాం' అని దర్జాగా చెప్పుకుంటాం గాని, నిజానికి అది అంచనా. ఊహ మారితే అంకె మారుతుంది. అందుకని ఒకరి అంకెని మరొకరి అంకెతో పోల్చకండి. ఎర్రమ్మ గొంతుని ఎర్రమ్మ గొంతుతోనే పోల్చాలి.

ఇంత అవస్థ ఎందుకంటే, మడతలు రోజూ గట్టిగా కొట్టుకుంటే ఆ కొట్టుకునే చోట కాయలు కాస్తాయి. వల లాగేవాళ్ళ అరచేతుల్లో కాసే కాయల్లాంటివే. కాయలుంటే మడతలు సరిగ్గా మూసుకోవు. గొంతు బొంగురుపోతుంది, మధ్యలో తెగిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు కొట్టుకుంటున్నాయో తెలిస్తే ఆ దెబ్బ మాన్పించవచ్చు. తెలియకుండా కాయలు కోసేస్తే, దెబ్బ అలాగే ఉంటుంది కనక మళ్ళీ కాస్తాయి.

సోమయాజులు గారి ముక్కు

మా గొంతు విభాగానికి పెద్ద డాక్టరు సోమయాజులు గారు. మాట తక్కువ, చెయ్యి మెత్తన. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా సరే, పేషెంటుని ముట్టుకునే ముందు తమ ముక్కులో గొట్టం పెట్టించుకోవాలి. నర్సయినా, డాక్టరయినా, నేనయినా. కళ్ళలో నీళ్ళు కారుతూ, ముక్కులోంచి గొంతులోకి చల్లగా పాములా ఏదో దిగుతుంటే, ఎదురుగా కూర్చుని ఆయన తీరిగ్గా, "ఇప్పుడు మీ ఊరు పేరు చెప్పండి" అనేవారు. నాకు నా ఊరు పేరు గుర్తు రాలేదు.

ఆ రోజు ఆయన్ని లోపల్లోపల తిట్టుకున్నాను. తర్వాత సర్వీసంతా దండం పెట్టుకుంటూనే ఉన్నాను. గొట్టం పెట్టుకున్న మనిషి మామూలుగా మాట్లాడదు అన్న సంగతి నా ఒంటికి తెలియజెప్పింది ఆయనే.

ఆయనలో నాకు నచ్చనిదీ ఒకటుంది. కంటికి కనబడితేనే నమ్మేవారు, కనబడకపోతే లేదనేవారు. పేషెంటు చెప్పేది సగమే వినేవారు. అరసవిల్లిలో కొబ్బరికాయల కొట్టు పెట్టుకున్న ఒకాయన అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వస్తే, ఈయన "గొంతుకి రెస్టివ్వు" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. ఆయన నెలంతా గుసగుసగా వ్యాపారం చేసి, ఇంకా పాడుచేసుకుని వచ్చాడు. బలవంతంగా గుసగుసలాడితే గొంతు బిగుసుకుంటుంది, అది రెస్టు కాదు. అప్పట్నుంచి డాక్టరు గారు చెప్పాక రెండో వాక్యం నేను చెప్పడం రివాజయింది. ఆయనేమీ అనుకోలేదు. అంత పెద్దమనిషి అలా ఊరుకోవడం ఎంత అరుదో తర్వాత వేరే ఆసుపత్రులు చూసినప్పుడు అర్థమయింది.

పాట పెట్టే మనిషి

ఎర్రమ్మది శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు పేట. భర్త వేటకి పోతాడు. ఒడ్డున చేపల పాట, అంటే వేలం, పెట్టేది ఆవిడ. పడవ వచ్చాక చేపల్ని కుప్పలు పోసి, చుట్టూ చేరిన బేరగాళ్ళ మధ్య నిలబడి, అలల హోరు మీదుగా రేటు అరుస్తూ పెంచుకుంటూ పోవాలి. అంతకు ముందు వాళ్ళత్త పెట్టేది. కుప్పకి ఒక చేప పాట పెట్టినవాళ్ళది, అదే జీతం.

తోటికోడలు పోలమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో తాటాకు బుట్ట, దాని మీద తడిగుడ్డ. బుట్టని గది బయట గుమ్మం పక్కన పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"కూర్చో ఎర్రమ్మా. ఏమయింది?"

"గొంతు పోతన్నాది మేడమ్మా. రెండు కుప్పలు అమ్మేసరికి తెగిపోతన్నాది. మూడో కుప్పకి గాలే వస్తన్నాది." ఇదంతా ఎంత నెమ్మదిగా చెప్పిందంటే నేను ముందుకి వంగి వినాల్సొచ్చింది.

అసలు సంగతి పోలమ్మ చెప్పింది. ఆ పేటకి ఐసు తెచ్చిపోసే షావుకారు ఒకాయన ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, కష్టాల్లో ఆదుకున్న మనిషే. ఎర్రమ్మ గొంతు పోతోందని చూసి ఒక మైకు, పెద్ద స్పీకరు పెట్టె కొన్నాడు. అయితే మైకు ఆయనది కనక పాట ఆయన గుమాస్తా పెడతాడట.

"అప్పుడింక మాకేటున్నాది మేడమ్మా?" అంది పోలమ్మ. "పాట మా సేతిలో ఉన్నాది కాబట్టి ముందు ఎవుల కుప్ప ఎత్తాలో మేం సెప్తాం. ముందమ్మిన కుప్పకే మంచి రేటొస్తాది, అందుకని ముసలోళ్ళ తెప్పల సేపలు ముందు అమ్ముతాం. మైకొస్తే షావుకారికి కావలసిన కుప్పే ముందు."

ఎర్రమ్మ తల దించుకుని, "మాయత్త నా సేతిలో పెట్టి పోయింది. నా గొంతుతోటి పోతే ఎలగ?" అంది. నాకు ఆ మాట గుచ్చుకుంది. పోతున్నది గొంతొక్కటే కాదని అప్పుడు తెలిసింది.

డాక్టరు గారు నోట్లోంచి గట్టి గొట్టం పెట్టి, నాలుక పట్టుకుని "ఈ" అనమన్నారు. అంది. కెమెరా తీసింది. రెండు మడతల మీదా ఎదురెదురుగా చిన్న కాయలు స్పష్టంగా కనబడ్డాయి. కాని మడతలు మాత్రం ఎంతో మర్యాదగా, తాకీ తాకనట్టు కలుస్తున్నాయి. లెక్కకడితే బలం చాలా తక్కువ వచ్చింది.

"ఈ గొంతు కొట్టుకోవడమే లేదు మేడమ్," అన్నారు డాక్టరు గారు. "మరి కాయలెందుకు కాసినట్టు?"

ముక్కులోంచి మెత్తటి గొట్టం పెడితే మాట్లాడించవచ్చు కదా అన్నాను. బొమ్మ కాస్త మసకగా వస్తుంది, అయినా సరేనన్నారు. గొట్టం దించాక, "ఎర్రమ్మా, ఇప్పుడు ఒడ్డున పాట ఎలా పెడతావో అలా పెట్టు" అన్నాను.

"డాట్రు బాబు ముందరా?" అంది ఆవిడ, అదేదో అనకూడని మాటైనట్టు. తర్వాత సన్నగా, గుడిలో పేరు చెప్పి అర్చన చేయించుకునే గొంతుతో ఏవో నాలుగు రేట్లు పలికింది. పెద్దవాళ్ళ ఎదుట గొంతు లేపకూడదన్నది వాళ్ళ పద్ధతి. ఊరంతా దద్దరిల్లేలా అరిచే మనిషి డాక్టరు ముందు గొంతుని ఇంటి దగ్గర పెట్టి వచ్చింది. ఇంత ఖరీదైన కెమెరాతో మేం ఆవిడ మర్యాదని ఫొటో తీస్తున్నాం. దానికి ఆ రోజే పేరు పెట్టుకున్నాను, ఆసుపత్రి గొంతు అని.

డాక్టరు గారు, "కాయలు తీసేద్దాం. తర్వాత నెల్లాళ్ళు నోరు విప్పకూడదు" అన్నారు. ఆవిడ ముఖం పాలిపోయింది. నెల్లాళ్ళు నోరు మూసుకుంటే మైకు వచ్చేస్తుంది. ఒకసారి వచ్చింది మళ్ళీ పోదు.

కోనాం చేప

గొట్టం ఇంకా ముక్కులోనే ఉంది. తీసేద్దామని నేను లేస్తుంటే, పోలమ్మ గుమ్మం దగ్గరి బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి గుడ్డ తీసింది. మోచెయ్యంత కోనాం చేప. గది వాసన మారిపోయింది. "డాట్రు బాబుకి," అంది.

సోమయాజులు గారింట్లో కోడిగుడ్డు కూడా గుమ్మం దాటదు. ఆయన చేపని చూడలేక గోడ వైపు చూస్తూ, వాళ్ళు నొచ్చుకోకూడదని, "ఊరికే తీసుకోకూడదమ్మా. డబ్బులిచ్చేస్తాను. కిలో వంకాయల రేటు ఇవ్వనా?" అన్నారు. ఆయనకి తెలిసిన బజారు అదొక్కటే.

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎర్రమ్మ మాత్రం ఊరుకోలేకపోయింది. ముక్కులో గొట్టంతోనే వెన్ను నిటారుగా చేసి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, విరుచుకుపడింది.

"ఇనండర్రా, ఇనండి! కోనాం సేపని వంకాయల రేటుకి అడుగుతన్నాడు బాబు! మొప్పలు సూడండి, ఎలగ ఎర్రగున్నాయో. తెల్లారగట్ల ఒడ్డుకొచ్చిన సరుకు. ఎవులు పాడతారు, ఎవులు పాడతారు ముందు?"

కిటికీ అద్దాలు అదిరాయి. వరండాలోని పేషెంట్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను కాలి కింద బటన్ నొక్కాను. ఆ కెమెరాలో ఒక మంచి గుణం ఉంది. నొక్కిన క్షణానికి ముందు జరిగిన కొన్ని సెకన్లని కూడా అది దాచిపెడుతుంది. లేకపోతే ఆ గొంతు మాకు ఎప్పటికీ దొరికేది కాదు.

ఎర్రమ్మకి తనెక్కడుందో గుర్తొచ్చి నోరు మూసుకుని, "తప్పయిపోనాది బాబూ," అంది చిన్నగా.

డాక్టరు గారు ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశారు. "నొక్కారా?"

"నొక్కానండీ."

"అమ్మా ఎర్రమ్మా," అన్నారాయన, "ఇన్నేళ్ళలో నన్ను ఇంత బాగా ఎవరూ తిట్టలేదు. చాలా సంతోషం." ఆయన నవ్వగా చూసింది అదే మొదటిసారి.

బొమ్మలు తిప్పి చూశాం. అరుపు మొత్తం దెబ్బ కాదు. గొంతు ఎత్తుకున్నాక మడతలు జోరుగానే అయినా సజావుగా కలుస్తున్నాయి. అసలు దెబ్బంతా ప్రతి కేక మొదట్లోనే ఉంది. ఊపిరి బిగబట్టి, మడతల్ని గట్టిగా అదిమి, ఒక్కసారిగా విడిచిపెడుతోంది. ఆ మొదటి కొన్ని తాకిడులు తలుపు దడాల్న వేసినట్టున్నాయి. మర్యాద గొంతులో వచ్చిన అంకె పక్కన పెడితే ఈ అంకె ఎన్నో రెట్లు. కాయలు ఎందుకు కాశాయో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

తెర మీద అది ఆవిడకి చూపించాం. చాలాసేపు కన్నార్పకుండా చూసి, "ఇవి రెండూ తోటికోడళ్ళలాగ కొట్టుకుంటన్నాయేటి," అంది. పోలమ్మ ఆవిడ భుజం మీద ఒక్కటి వేసింది.

వేట లేని రోజులు

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ప్రభుత్వం సముద్రంలో వేట ఆపిస్తుంది. రెండు నెలలు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజులు అప్పటికి దగ్గర పడ్డాయి. పేటలో అందరికీ అది ఇబ్బంది కాలం. మాకు మాత్రం దేవుడిచ్చిన గడువులా కనబడింది. వేట లేకపోతే పాట లేదు. పాట లేకపోతే మైకూ రాదు. ఇప్పుడు కోసినా తీరు మారకపోతే కాయలు మళ్ళీ కాస్తాయి, ఈలోగా కేక మొదలుపెట్టే తీరు మార్పిస్తాను, ఆపరేషను ఆపమని డాక్టరు గారిని అడిగాను. మళ్ళీ వేట మొదలయ్యేదాకా కత్తి ముట్టుకోనని మాటిచ్చారు. కనబడితేనే నమ్మే మనిషి, కనబడని ఫలితానికి మాటివ్వడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ఎర్రమ్మ పోలమ్మతో కలిసి శ్రీకాకుళం వచ్చి, అక్కడ బస్సు మారి, ఎండలో పడి మా దగ్గరికి వచ్చేది. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలు వచ్చేలా కూనిరాగం తీయించేదాన్ని. తర్వాత అసలు పాఠం. కేకకి ముందు బిగబట్టకూడదు. ఒక ఊపిరి నిండా తీసుకుని, ముందు గాలి వదిలి, ఆ గాలి మీద గొంతు ఎక్కించాలి. మొదట్లో అస్సలు పట్టుబడలేదు. సిగ్గుపడి సన్నగా అరిస్తే, 'ఆసుపత్రి గొంతు వద్దు ఎర్రమ్మా' అనేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, మీవాళ్ళు వల లాగుతూ పాడతారు కదా, అది పాడమన్నాను. పాడింది. ప్రతి లాగుకీ ముందు గాలి, వెనక గొంతు. "నీకు వచ్చిందే ఇది" అన్నాను.

"అది లాగడానికి మేడమ్మా. ఇది అమ్మడానికి," అంది. ఆవిడ అసలు భయం అప్పుడు బయటపడింది. "మజ్జిలో ఊపిరికని ఆగితే బేరగాళ్ళు ఊరుకుంటారేటి? దీనికి సత్తువ నేదని రేటు దించేస్తారు. పాటలో సందు ఇవ్వకూడదు. మాయత్త అదే సెప్పింది."

గొంతు సంగతి నాకు తెలుసు, బేరం సంగతి తెలియదు. ఉన్నమాట చెప్పాను. "ఆగకపోతే గొంతు పోతుంది. ఆగితే రేటు ఏమవుతుందో నాకు తెలియదు ఎర్రమ్మా." ఆవిడ గ్లాసు దగ్గరికి లాక్కుంది.

పిల్లలూ, మీరు నేర్పే ప్రతి పద్ధతికీ పేషెంటు ఊళ్ళో ఒక ధర ఉంటుంది. అది మన పుస్తకంలో ఉండదు. తెలియనప్పుడు తెలియదని చెప్పండి. వాళ్ళు మనల్ని తక్కువ చేయరు. నా అనుభవంలో ఆ తర్వాతే ఎక్కువ నమ్మారు.

మొదటి పాట

ఆ తర్వాత తీసిన బొమ్మల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వానలు ముదిరాక ఎర్రమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి అడగకుండానే డాక్టరు గారి మొహం మీద పాట పెట్టింది. కేక మొదట్లో తాకిడి బాగా తగ్గింది, కాయలు కరిగి పలచబడ్డాయి. కత్తి అవసరం రాలేదు. డాక్టరు గారు ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కన అతికించి, కొత్తగా చేరినవాళ్ళకి ముక్కులో గొట్టం పెట్టాక చూపించేవారు.

నాకు మాత్రం ఫలితం తెలిసింది ఆ గదిలో కాదు. వేట మళ్ళీ మొదలయ్యాక మొదటి పడవలు తిరిగొచ్చే రోజున సెలవు పెట్టి వాళ్ళ పేటకి వెళ్ళాను. వెళ్ళేసరికి జనం మూగి ఉన్నారు. ఐసు బండి పక్కన షావుకారు, ఆయన గుమాస్తా, కాళ్ళ దగ్గర గోనెపట్టా కప్పిన స్పీకరు పెట్టె. ఎర్రమ్మ కుప్పల మధ్య నిలబడి ఉంది, వెనకాల పోలమ్మ. నన్ను చూసి పలకరించలేదు. నేను జనం వెనకాల ఇసుకలో నిలబడ్డాను.

ఒక ముసలాయన తెప్ప మీద తెచ్చిన కవళ్ళు ముందు అమ్మింది. గొంతు నిలిచింది. రెండో కుప్ప కానాగంతలు. అదీ నిలిచింది. మూడోది చందువాలు. ఇక్కడికొచ్చేసరికే ఆవిడ గొంతు తెగేది. అది అందరికీ తెలుసు. షావుకారుకీ తెలుసు. ఆయన మరీ అన్యాయమైన రేటు ఒకటి అడిగాడు.

ఎర్రమ్మ మెడ నరాలు బిగియడం అంత దూరం నుంచీ నాకు కనబడింది. ఊపిరి బిగబట్టింది. ఇక విరుచుకుపడుతుంది, రెండు నెలల శ్రమ ఈ ఒక్క కేకతో పోతుంది అనుకున్నాను. పోలమ్మ వెనకనుంచి చెయ్యి చాపి, ఆవిడ నడుం మీద అరచెయ్యి ఆనించింది. మేం ఊపిరి నేర్పించేటప్పుడు పెట్టే చోటే.

ఎర్రమ్మ బిగువు వదిలేసింది. నోరు మూసుకుని, షావుకారు కళ్ళలోకి చూస్తూ నిండా ఊపిరి తీసుకుంది.

ఆవిడ పాట మధ్యలో తనంతట తనే ఆగడం అక్కడెవరూ ఎన్నడూ చూడలేదు. బేరగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకాగింది, వెనకాల ఎవరైనా ఎక్కువ అడిగారా, మనకి వినబడలేదా? పొందూరు సంతకి చేపలు పట్టుకెళ్ళే ఒకావిడ ఇంక ఉండబట్టలేక చెయ్యెత్తి రేటు పెంచేసింది. ఆ వెంటనే ఇంకొకరు. చివరికి షావుకారు తనే తన రేటుని తొక్కుకుంటూ పైకి ఎక్కాడు. ఎర్రమ్మ అప్పుడు గాలి వదిలి, దాని మీద గొంతెక్కించి, కుప్ప ఆయనకే పాట కొట్టేసింది.

ఆ రోజు అన్ని కుప్పలూ అయ్యేదాకా గొంతు నిలిచింది. గోనెపట్టా తీయలేదు. వెళ్తూ వెళ్తూ షావుకారు గుమాస్తాతో, "పెట్టె బండిలో పడీరా, తడిసిపోతాది," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఎక్కువ రేటుకి కొన్నా, మంచి పాట విన్న మనిషిలాగే ఉన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. ఇన్నేళ్ళు జీతం తీసుకుని గొంతులు బాగుచేశాను గాని, బాగుపడ్డ గొంతు దాని సొంత చోట ఎలా ఉంటుందో అంతవరకూ నేను వినలేదు. ఆ అదృష్టం నాకు దక్కించినందుకు ఎర్రమ్మకీ, కత్తి పక్కన పెట్టిన సోమయాజులు గారికీ, ఆ నడుం మీద ఆనిన పోలమ్మ అరచేతికీ ఈ రోజుకీ రుణపడే ఉన్నాను.

జనం పలచబడ్డాక ఎర్రమ్మ తన వాటా చేపల్లోంచి అన్నిటికన్నా పెద్ద చందువా తీసి, కొబ్బరాకులో చుట్టి నా ముందు పట్టింది. నేను ఆఫీసరు నవ్వు ఒకటి నవ్వి, గొంతు తగ్గించి, "అయ్యో, ఇప్పుడెందుకు ఎర్రమ్మా, పర్వాలేదులే" అని నసిగాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీయలేదు.

"ఆసుపత్రి గొంతుతోటి మాటాడకు మేడమ్మా," అంది. "కావాలా, వద్దా?"

నిండా ఊపిరి తీసుకున్నాను.

"కావాలి," అన్నాను, అలల మీదుగా వినబడేలా.